కొమఱ్ఱాజు వారి వ్యాధియు, విజ్ఞానసర్వస్వమును

కృష్ణా మండలములో విద్యకై వెచ్చించిన ధనమును గూర్చి మాటలాడునప్పుడు మనము సాధారణముగా ఇచ్చినవారిని తలచుకొందుము. ఇచ్చినవారి పేర్లు పాఠశాలల గోడలమీదను, గ్రంథాలయముల శిలాఫలకముల మీదను చెక్కబడి ఉన్నవి. అడిగినవారి పేర్లు అంతగా కనబడవు. ఇచ్చుట గొప్పదే, కాని ఎవరో ఒకరు గుమ్మము ముందు నిలిచి అడుగనిదే ఇచ్చువాడు లేచి రాడు. అడుగుటకు అభిమానము చంపుకొనవలెను, తిరుగవలెను, మాటలాడవలెను, ఉత్తరములు వ్రాయవలెను. వీటన్నింటికిని ఊపిరి కావలెను. ఆ ఊపిరియే తక్కువైన మనిషి ఒకరు, తెలుగువారి విజ్ఞానము కొఱకు తన జీవితములోని మంచి భాగమును అట్లు అడుగుటలోను, వ్రాయుటలోను గడపినారు. ఆయన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు గారు. శ్రోతలకు ఆయన పేరు క్రొత్త కాదు. ఆయన పాండిత్యమును గూర్చి విన్నవారు పెక్కుమంది. చిరకాలము ఆయనను వెంటాడిన ఉబ్బసపు వ్యాధిని గూర్చియు, ఆ వ్యాధితోనే ఆయన నిలిపిన చందాల పద్ధతిని గూర్చియు మేము ఇప్పుడు ముచ్చటింపదలచినాము.

ముందు వ్యాధి సంగతి. నేడు మన ఇండ్లలో ఉబ్బసము కలవారి వద్ద చిన్న పీల్చు మందు గొట్టము ఉండును. గుప్పెటలో ఇమిడిపోవు ఆ సాధనము 1956లో గాని ప్రపంచములో వాడుకకు రాలేదు. లక్ష్మణరావు గారు జీవించిన కాలములో ఈ వ్యాధికి నిలుకడయైన చికిత్స లేదు. మన ఆయుర్వేదము దీనిని తమకశ్వాసమని పిలిచినది. రోగి పడుకొనలేడనియు, కూర్చున్నప్పుడే కొంత సుఖపడుననియు, మబ్బు పట్టినప్పుడును చలిగాలి వీచినప్పుడును బాధ హెచ్చుననియు చరకసంహితలోనే ఉన్నది. ఆ వర్ణన నేటికిని చెక్కు చెదరలేదు. మన వైపు పెద్దలు ఉబ్బసపు రోగి రాత్రులు గోడకు చేరగిలబడి తెల్లవార్చునని చెప్పుట ఇందుకే.

పాశ్చాత్య వైద్యము ఆనాడు ఇంతకంటె ఎక్కువగా ముందుకు పోలేదు. ఇంగ్లండులో హెన్రీ హైడ్ సాల్టర్ అను వైద్యుడు 1860లో ఉబ్బసము మీద పెద్ద గ్రంథము వ్రాసినాడు. ఆయన స్వయముగా ఉబ్బసపు రోగి. చిక్కని కాఫీ త్రాగిన కొంత ఉపశమనము కలుగునని ఆయన వ్రాసినాడు. ఇక పొగచుట్టల కథ మన దేశమునుండియే పోయినది. ఎండిన ఉమ్మెత్తను కాల్చి పొగ పీల్చు వాడుకను మద్రాసులోని వైద్యాధికారి ఆండర్సన్ గమనింపగా, అది 1802 ప్రాంతమున అక్కడినుండి ఎడింబరో చేరినది. అటుపై ఉబ్బసపు సిగరెట్లుగా మారి ఐరోపా అంతట అమ్ముడుపోయినది. అడ్రినలిన్ సూదిమందు 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో వచ్చినది గాని, అది ఆ పూట గండము గడపుటకే. ఈ వ్యాధితో మనిషి చావడు, రొప్పుచునే ముసలివాడగునని ఆనాటి వైద్యులలో ఒక నమ్మకము ఉండేది. ఆ నమ్మకము ఎంత తప్పో ఇప్పుడు మనకు తెలియును. చికిత్స లేని ఉబ్బసము ఏటికేడు ఊపిరితిత్తుల బలమును కొంత కొంతగా కొరికివేయును.

మన శాస్త్రకారులు వ్యాధులను విభజించుచు సాధ్యము, అసాధ్యము అను రెంటితో ఊరకొనలేదు. నడుమ యాప్యము అని ఒకటి పెట్టినారు. అనగా నయము కాదు. విడువక చేయు ఉపచారము వలన రోగి నిలుచును. ఉపచారము మానిన నాడు కూలును. పడిపోనున్న ఇంటికి ఆపుదల కొయ్య పోటీ పెట్టి నిలిపినట్లని సుశ్రుతుడు ఉపమానము చెప్పినాడు. శ్రోతలు ఈ మాటను గుర్తుంచుకొనవలెనని మా కోరిక. లక్ష్మణరావు గారి దేహమునకు మాత్రమే గాక, ఆయన తలపెట్టిన పనికి కూడ ఇది సరిపోవు మాట.

ఆయన 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించినారు. మునేటి ఒడ్డున ఉన్న ఆ గ్రామము 2022లో జరిగిన జిల్లాల విభజన తరువాత విజయవాడ కేంద్రముగా గల ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు 1889లో పుట్టినది కూడ ఆ ఊరిలోనే. పసితనముననే తండ్రిని కోల్పోయిన లక్ష్మణరావు గారికి అక్కగారు భండారు అచ్చమాంబ గారు, బావగారు మాధవరావు గారు అండయైనారు. బావగారి ఉద్యోగము మధ్యపరగణాలలో. కావున తమ్ముని చదువు నాగపూరులో సాగినది. తమ్ముడు చదువుకొనుచుండగా అక్కగారు తామును చదువు నేర్చి, స్త్రీల చరిత్రలు వ్రాసి, తెలుగు కథానికకు తొలి బాట వేసిన రచయిత్రులలో ఒకరైనారు. ఆమె 1905లో అకాలముగా మరణించినారు.

నాగపూరు లక్ష్మణరావు గారికి మరొక మేలు చేసినది. మహారాష్ట్రులు తమ భాషలో చరిత్రలు, శాస్త్రములు వ్రాసికొనుచు, వాటిని ప్రజల సొమ్ముతోనే అచ్చు వేసికొనుటను ఆయన దగ్గరనుండి చూచినారు. తెలుగున అట్టి పుస్తకములు అరుదు. ఉన్నత విద్య ముగించి మునగాల సంస్థానములో దివానుగా ప్రవేశించినప్పటికి ఆయన మనసులో ఈ లోటు బలముగా నాటుకొని ఉన్నది. సంస్థానాధీశులు నాయని వేంకటరంగారావు గారు ఆయనకు వెన్నుదన్నుగా నిలిచినారు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. నైజాము రాజ్యములో తెలుగునకు నిలువ నీడ దొరకుట కష్టమైన ఆ దినములలో, రావిచెట్టు రంగారావు గారి వంటి మిత్రులతో కలసి చేసిన పని అది.

పిమ్మట 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి. మొదట హైదరాబాదులో పుట్టి, 1908లో మద్రాసునకు మారినది. ఇందులో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు కుడిభుజము. తోడుగా నిలిచిన యువకులలో మన విజయవాడకు చెందిన అయ్యదేవర కాళేశ్వరరావు గారు ఒకరు. గాడిచర్ల వారి అబ్రహాము లింకను చరిత్రము మండలి తొలి గ్రంథము. లక్ష్మణరావు గారు స్వయముగా హిందూదేశపు చరిత్రను యుగములుగా విభజించి వ్రాసినారు. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము, ఆచంట లక్ష్మీపతి గారి జీవశాస్త్రము, ఇంకను పదార్థవిజ్ఞానము, రసాయనశాస్త్రము, చారిత్రక నవలలు ఒకదాని వెంట ఒకటి వెలువడినవి. ఇంగ్లీషు రాని తెలుగు గృహస్థుడు లోకములోని విద్యలను తన భాషలో చదువుకొనుటకు వీటివలన వీలు కలిగినది.

ఈ పుస్తకములకు డబ్బు ఎక్కడిది? అంతకు పూర్వము తెలుగున గ్రంథము అచ్చు కావలెనన్న ఒక రాజునో, జమీందారునో ఆశ్రయింపవలెను. ఆ ప్రభువు సంతోషించిన అచ్చగును, లేనిచో పెట్టెలో పడియుండును. ఒక్క దాత చేయి వెనుదీసిన ఆ పని నిలిచిపోవును. మండలివారు ప్రభువుల సాయమును కాదనలేదు. కాని దాని మీదనే ఆధారపడలేదు. ఊరూర చందాదారులను చేర్చుకొన్నారు. చేరినవారికి మండలి గ్రంథములు చౌకగా అందును. వచ్చిన చందాతో మరొక పుస్తకము అచ్చగును. ప్లీడర్లు, బడిపంతుళ్లు, కరణములు, మోతుబరి రైతులు ఇట్లు గ్రంథప్రకాశకులైనారు. ఒకరు మానినను మరొకరు ఉందురు. పెద్ద దానము ఒకనాటి వాన వంటిది. చందా కాలువ నీరు వంటిది. డెల్టాలోని మనకు ఈ భేదమును వేరుగా చెప్పనక్కరలేదు.

కృష్ణా డెల్టా ఈ పద్ధతికి అనువైన నేల. ఆనకట్ట కట్టి 1855 నాటికి నీరు పారించిన పిమ్మట ఇక్కడి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడినవి. చదువు మీద కోరిక పుట్టినది. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు గారు మిత్రులతో కలసి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, దాని కొఱకు న్యాయవాదవృత్తిని వదలుకొన్నారు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము ఏర్పడినది. 1914లో ఇదే పట్టణములో అయ్యంకి వేంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగినది. గ్రంథాలయము పెరిగిన కొలది మండలి పుస్తకములకు గిరాకి పెరిగినది. పుస్తకములు వచ్చిన కొలది గ్రంథాలయములకు ప్రాణము వచ్చినది. ఈ అలవాటు ఎంత వేరూనినదనగా, 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలో పడవమీద గ్రంథాలయము నడపినారు. సరకుల పడవలు పోవు కాలువలో పుస్తకాల పడవ పోయినది.

ఇక విజ్ఞానసర్వస్వము. అకారము మొదలుకొని లోకములోని విషయములన్నింటిని వరుసగా తెలుగులో వివరింపవలెనను సంకల్పము 1912-13 ప్రాంతమున కార్యరూపము దాల్చినది. ఇంగ్లీషువారి బ్రిటానికా వెనుక ఎందరో పండితులు, వ్యాపారసంస్థలు, పెద్ద మూలధనము ఉన్నవి. ఇచ్చట ఉన్నది దివానుగిరి చేసికొనుచున్న ఒక ఉబ్బసపు రోగి. ఆయన చుట్టును కొందఱు మిత్రులు. 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలోని వ్రాతలకై జైలుకు పోయిన గాడిచర్ల వారు విడుదలై వచ్చి ఈ పనిలో కలిసినారు. యువకుడుగా వచ్చి చేరిన మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు చరిత్ర పరిశోధనలో ఇచ్చటనే ఆరితేరినారు. శాస్త్రపు మాటలు లేని చోట మాటలు పుట్టింపవలెను. వ్రాయువారు లేని చోట సంపాదకుడే వ్రాయవలెను. శాసనములు చదివి, మరాఠీ, సంస్కృతము, ఉర్దూ, ఇంగ్లీషు గ్రంథములు తిరుగవేసి, లక్ష్మణరావు గారు ఎన్నో వ్యాసములు తామే కూర్చినారు.

కూర్చుండి చేయు పని కదా, ఉబ్బసపు రోగికి తగినదే కదా అని ఎవరికైన తోచవచ్చును. కాని ఈ పని పుస్తకాల గదిలో ముగియునది కాదు. ముద్రణాలయమునకు సొమ్ము చెల్లింపవలెను. చందాలు రాబట్టవలెను. 1914లో ఐరోపా యుద్ధము మొదలైనది. కాగితము ప్రియమైనది, కొరత ఏర్పడినది. ఒక్కొక్క సంపుటము తెచ్చుటకు పాండిత్యముతో పాటు అప్పుల లెక్కలు చూచుకొను ఓర్పు కూడ కావలసి వచ్చినది. చేతనైన దినమున పని, చేతగాని దినమున విశ్రాంతి, మరల పని. దీర్ఘవ్యాధి కలవారందఱు నడచు దారి ఇదే. మూడు సంపుటములు వెలువడినవి. అక్షరక్రమమున చూచిన అవి దారి మొదటనే ఉన్నవి. ఆ పైని బండి ముందుకు సాగలేదు.

మద్రాసులో లక్ష్మణరావు గారి ఇంటి పేరు వేదవిలాసము. ఆ ఇంటికి మన సాహిత్యచరిత్రలో ఒక విషాదస్థానమున్నది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు ముసలితనమున ఆంధ్రకవుల చరిత్రమును సంస్కరించు పనిమీద మద్రాసు వచ్చి ఈ ఇంటనే బస చేసినారు. 1919 మే 27న ఇచ్చటనే కన్నుమూసినారు. చివరిదాక చేతిలో పని ఉంచుకొనియే ఆయన వెళ్లినారు. నాలుగేండ్లు గడచినవి. 1923 జూలై 12న అదే ఇంట లక్ష్మణరావు గారు 46వ ఏట మరణించినారు. రొప్పుచునే ముసలివాడగునను వైద్యుల మాట ఆయన విషయములో నిజము కాలేదు.

మరుసటి ఏడే, 1924లో, చైనాలో ఒక ప్రాచీన మూలికనుండి తీసిన ఎఫిడ్రిన్ అను మందు ఉబ్బసమునకు పనిచేయునని పెకింగు నగరములోని పరిశోధకులు ప్రకటించినారు. మ్రింగుటకు వీలైన ఆ మందు కొలది కాలములోనే లోకమంతట వ్యాపించినది. మరి 30 సంవత్సరములకు పీల్చు మందు వచ్చినది. చరిత్రలో ఇట్టి సందర్భములు మనసును కలతపెట్టును. కాని మేము చెప్పదలచినది ఇంతమాత్రమే కాదు. మందు ఆయనకు అందలేదు; పని మాత్రము ఆగలేదు. అది ఎట్లు నిలిచినది?

కృష్ణా జిల్లా ఎలకుఱ్ఱులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు బొంబాయిలో 1893లో అమృతాంజనము అను నొప్పుల మందు వ్యాపారము మొదలుపెట్టి ధనవంతులైనారు. ఆ ధనముతో ఆంధ్రపత్రికను, భారతిని నడపినారు. మిత్రుని మరణము తరువాత విజ్ఞానసర్వస్వపు భారమును ఆయన తలకెత్తుకొని, పునర్ముద్రించి, ముందుకు నడపినారు. తలనొప్పికి రాచుకొనుటకై జనులు కొన్న చిన్న సీసాల సొమ్ము తెలుగు విజ్ఞానసర్వస్వమునకు చేరినది. ఇది కూడ ఒక విధమైన చందాయే. ఆయన 1938లో మరణించినారు. అప్పటికిని గ్రంథము పూర్తి కాలేదు. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి క్రొత్త పద్ధతిలో, విషయమునకొక సంపుటముగా, విజ్ఞానసర్వస్వమును వెలువరించినది. హైదరాబాదు చరిత్రకారులు తమ పరిశోధకమండలికి లక్ష్మణరాయల పేరే పెట్టుకొని తెలంగాణా శాసనములను ప్రకటించినారు.

ఇంటిలో మిగిలిన వారసత్వము మరొక దారి పట్టినది. మేనత్తగారి పేరు పెట్టుకొన్న కుమార్తె కొమఱ్ఱాజు అచ్చమాంబ గారు వైద్యవిద్య అభ్యసించి మన విజయవాడలోనే వైద్యము చేసినారు. స్త్రీల ఆరోగ్యమును గూర్చియు, శిశుపోషణను గూర్చియు తెలుగులో వ్రాసినారు. 1957లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికైనారు. వ్యాధితో పోరాడిన తండ్రికి వైద్యురాలైన కుమార్తె. శాస్త్రమును తెలుగులో చెప్పవలెనని కోరిన తండ్రికి వైద్యశాస్త్రమును తెలుగులో చెప్పిన కుమార్తె.

ఇప్పుడు మా అభిప్రాయము చెప్పెదము. లక్ష్మణరావు గారి జీవితమును చెప్పువారు వ్యాధిని లెక్కచేయని ధీరుడని పొగడుదురు. మేము ఆ మాటను కొంచెము సవరించెదము. వ్యాధిని లెక్కచేయకుండుట ఆయన గొప్పతనము కాదు. తన ఒక్కని ఊపిరి మీద నిలువని పనిని కల్పించుటయే ఆయన గొప్పతనము. మండలి అట్టి పని: వ్రాయువారు పలువురు, ఇచ్చువారు పలువురు, ఒకరు మంచము పట్టినను పుస్తకము ఆగదు. విజ్ఞానసర్వస్వమున ఆయన తన బలమునకు మించిన బరువును తన మీదనే వేసికొన్నారు. అచ్చటనే అది ఆగినది. మరల పలువురు చేతులు వేసినప్పుడే కదలినది. రెండును ఒకే మనిషి పనులు. ఒకటి నేర్పు పాఠము, రెండవది చేయు హెచ్చరిక.

ఈ పాఠము నేటి రోగులకును పనికివచ్చును. నరముల వ్యాధులు, కండరముల వ్యాధులు, ఊపిరితిత్తుల వ్యాధులు, క్రమముగా దేహమును తఱగించు వ్యాధులు పెక్కు ఇప్పటికిని పూర్తిగా నయము కావు. శాస్త్రము పెరిగినది; యాప్యమను మాటకు మాత్రము కాలము తీరలేదు. అట్టి వ్యాధి కలవారు తమకై గాని, తమవంటి వారికై గాని, ఒక ఆసుపత్రికై గాని, ఒక గ్రంథాలయమునకై గాని నిధులు కూర్చుటకు పూనుకొన్నప్పుడు, లోకము వారిని జాలితో చూచి ఒక్కసారి పెద్ద మొత్తము చేతిలో పెట్టి పంపివేయుటకు ఇష్టపడును. వారికి అంతకంటె మేలు చేయునది వేరొకటి ఉన్నది: నెలనెల వచ్చు చిన్న మొత్తము, వారానికొకసారి పనిలో పాలుపంచుకొను మనిషి, చేతగాని దినమున బదులు నిలుచు మిత్రుడు.

శ్రోతలలో పెద్దవారికి ఒక సంగతి జ్ఞాపకముండును. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైన నాటినుండి చాలా సంవత్సరముల పాటు, రేడియో గల ప్రతి గృహస్థుడును ఏటేటా తపాలా కార్యాలయములో లైసెన్సు రుసుము చెల్లించెడివాడు. ఆ రుసుము తరువాత తీసివేయబడినది. ఇంటింటనుండి వచ్చిన ఆ చిన్న మొత్తములు కూడ కలిసియే పాటను, మాటను, పంటల ధరలను, వరద హెచ్చరికలను ఇంటింటికి పంపినవి. లక్ష్మణరావు గారు నమ్మినదియు అదే లెక్క. ఏ ఒక్కరికిని భారము కానంత చిన్న సొమ్ము, ఏ ఒక్కరితోను ఆగిపోని పెద్ద పని. ఆ చందాదారుల పట్టీలో మన తాతల పేర్లు ఉండియే ఉండును. నేటి పట్టీలలో మన పేర్లు ఎక్కడ ఉన్నవో ఎవరికి వారు చూచుకొనవలెను.